తరిమెన పట్టిన కలం: చేతితయారీ పెన్నుల అభిరుచి, అందులో చేతిపని పరిధి

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్య విమర్శలో ‘కలం’ అనే మాట రచనకూ రచయితకూ పర్యాయంగా స్థిరపడింది. కలాన్ని ఒక వస్తువుగా, ఒక చేతిపనిగా పరిశీలించడం మాత్రం అరుదు. కర్రముక్కను లేతుమీద తిప్పి, ఉలితో తరిగి, పెన్నుగా మలచుకునే అభిరుచిని ఈ వ్యాసం సాలూరు నేపథ్యంలో వివరిస్తుంది. ఏటికొప్పాక లక్కపనిని, రాజమహేంద్రవరంలోని రత్నం పెన్నుల చరిత్రను ఆధారం చేసుకొని, ‘చేతితో చేసిన పెన్ను’ అనే మాట ఏ భాగానికి ఎంతవరకు చెల్లుతుందో చర్చిస్తుంది.

కీలకపదాలు: తరిమెన, లేతు, చేవ, లక్క, ఎబొనైట్, పాళీ, ఏటికొప్పాక, రత్నం పెన్నులు, సాలూరు, వృత్తిపదాలు.

ఉపోద్ఘాతం:
వేగావతి ఒడ్డున ఉన్న సాలూరు లారీల ఊరు. ఒడిశా ఘాటు ఎక్కే వాహనాలు, వాటికి బాడీలు కట్టే షెడ్లు, బోల్టులకు మరలు తీసే లేతు దుకాణాలు ఈ పట్టణంలో నిత్యం కనిపించేవే. బాడీ కట్టే చోట రంపం కింద రాలే తుండుముక్కలు చివరికి పొయ్యిలోకి పోతాయి. అలా పోవలసిన ఒక ముక్కను అడిగి ఇంటికి తెచ్చుకోవడంతో నా పెన్నుల పని మొదలైంది. బల్లమీద పట్టేంత చిన్న లేతు, నాలుగు ఉలులు, తపాలాలో తెప్పించుకున్న పెన్ను కిట్లు. ఇంతకుమించి సామగ్రి లేదు.

ఒకనాడు హాజరు పట్టీలో సంతకం చేస్తున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: “మేడమ్, ఈ పెన్ను మీరే చేసేరంట కదా. మొత్తం మీరేనా?” అవునన్నాను. ఆ సాయంత్రం పెన్నును విప్పి భాగాలుగా బల్లమీద పెట్టి చూస్తే నా జవాబు నాకే నిలవలేదు. రాసే మొన నాది కాదు. లోపలి ఇత్తడి గొట్టాలు, జేబుకు తగిలించే క్లిప్పు, తిప్పితే మొనను బయటికి తెచ్చే మర, ఇవేవీ నావి కావు. నా చేతిలో తయారైనది పైనున్న కర్రతొడుగు మాత్రమే. పరిశోధన వ్యాసంలో ఇతరుల మాటను మన మాటగా చెప్పుకుంటే దానికి ఒక పేరుంది. వస్తువు విషయంలో ఆ పట్టింపు మనకు ఎందుకు ఉండదు? ఈ వ్యాసానికి మూలం ఆ సందేహమే.

1. తరిమెన: మాట, సాధనం
కర్రనో దంతాన్నో గిరగిర తిప్పుతూ, ఉలి ఆనించి, గుండ్రంగా తరిగే సాధనానికి తెలుగులో తరిమెన అని పేరు. ‘తరిమెన పట్టు’ అనేది క్రియ. బ్రౌన్ నిఘంటువులో ఈ మాట ఉంది. నేటి వాడుకలో దాని చోటును ‘లేతు’ పూర్తిగా ఆక్రమించింది. నేను అడిగిన దుకాణాల్లో తరిమెన అనే మాట విన్నవారు లేరు. “లేతంటే లేతేనమ్మా, దానికి ఇంకో పేరేటి?” అని ఒక మిస్త్రీ తిరిగి నన్నే అడిగాడు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటంగా 1962లో వ్యవసాయ పదాలను భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువరించింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. తరిమెనపని పదాలను కూడా ఆ పద్ధతిలో, పని జరిగే చోటనే కూర్చుని, సేకరించవలసిన అవసరం ఉంది.

వడ్రంగంలోని తక్కిన పనులకూ దీనికీ మౌలికమైన తేడా ఉంది. చిత్రిక పట్టేటప్పుడు కర్ర కదలదు, పనిముట్టు కదులుతుంది. తరిమెన మీద కర్ర తిరుగుతుంది, ఉలి ఊతమీద నిలకడగా ఉంటుంది. కుమ్మరి సారె కూడా తిరుగుతుంది కాని, అక్కడ వేళ్ల ఒత్తిడికి మట్టి పైకి లేస్తుంది, తప్పు జరిగితే మళ్లీ ముద్ద చేయవచ్చు. తరిమెన మీద తీసివేయడమే ఉంటుంది, చేర్చడం ఉండదు. విద్యుత్తు రాకముందు తాడుచుట్టి లాగే తరిమెనలు ఉండేవి. తాడును ఒకవైపు లాగితే కర్ర ముందుకు, రెండోవైపు లాగితే వెనక్కు తిరిగేది. ముందుకు తిరిగే క్షణంలోనే ఉలి తెగుతుంది కనుక, పనివాడు ప్రతి మలుపులోనూ ఉలిని ఆనించి, వదిలి, మళ్లీ ఆనించాలి. లాగేవాని లయకు తరిగేవాని చేయి కుదరాలి.

సాహిత్య విద్యార్థులకు ఈ సాధనం పూర్తిగా అపరిచితం కాదు. తన తేజస్సును సంజ్ఞ తాళలేకపోయినప్పుడు సూర్యుణ్ణి విశ్వకర్మ భ్రమియంత్రం మీద ఎక్కించి తరిగిన కథ మార్కండేయపురాణంలో ఉంది. ఆ తరుగు కూడా వృథా పోలేదు, దేవతల ఆయుధాలయింది. రఘువంశం ఆరవ సర్గలో, ఇందుమతీ స్వయంవర సందర్భంలో, అవంతిరాజును కాళిదాసు ఈ కథతోనే పోల్చాడు. అక్కడి చక్రభ్రమాన్ని ఆయుధాలకు పదును పెట్టే సానగా గ్రహించడం వ్యాఖ్యాన సంప్రదాయంలో ఉంది. అయితే ఆ శ్లోకంలోనే రాజు నడుము సన్ననిది, గుండ్రనిది అని ఉన్న సంగతిని గమనించాలి. సాన పదును ఇస్తుంది, వన్నె ఇస్తుంది. సన్నగా, గుండ్రంగా చేసేది తరిమెన. లేతు ముందు కొన్నాళ్లు నిలబడ్డాక ఈ ఉపమానం నాకు తరిమెన వైపే మొగ్గుతున్నట్టు కనిపించింది. ఇది నిర్ణయం కాదు, పరిశీలనకు ఒక ప్రతిపాదన.

వినోదంగా తరిమెన పట్టిన ప్రభువులు లోకంలో ఉన్నారు. రష్యా చక్రవర్తి మహాపీటరుకు సొంత తరిమెనశాల ఉండేది. ఆంద్రేయ్ నార్తోవ్ అనే నిపుణుడు అక్కడి యంత్రాలను చూసేవాడు. మన నేలమీద ఇది ప్రభువుల వినోదంగా కాక, వృత్తికులాల జీవనంగా సాగింది. జీతం మీద బతుకుతూ, సెలవునాడు లేతు ముందు నిలబడే నాలాంటివారి పనిని ఆ జీవనంతో సమానం చేసి మాట్లాడకూడదు. ముక్క విరిగితే నాకు పోయేది ఒక ఆదివారం, వృత్తివానికి పోయేది ఆ పూట కూలి.

2. కర్రముక్క నుంచి తొడుగు వరకు
పెన్నుకు కావలసిన ముక్క చిన్నది. పక్కలు 19 మిల్లీమీటర్లు ఉన్న చతురస్రపు పలక చాలు. చిన్నదైనా అది ఎండి ఉండాలి. గాలికి ఆరబెట్టే కర్రకు అంగుళం మందానికి ఏడాది అనేది పాత లెక్క. కర్ర ఎండేటప్పుడు అన్ని దిక్కులా ఒకేలా కుదించుకుపోదు. నిలువుపోగు వెంట కుదింపు దాదాపు ఉండదు. వలయాల వెంట వచ్చే కుదింపు, నడిమి నుంచి బెరడు వైపు వచ్చే కుదింపుకు సుమారు రెండింతలు ఉంటుంది. దుంగ చివరల్లో నెర్రలు విచ్చడానికి ఇదే కారణం. అందుకే కోసిన ముక్కల చివరలకు మైనం పూసి ఉంచుతారు. మొదటి ఏడాది నేను ఈ ఓపిక చూపలేదు. మెరుగుపెట్టి పెన్నుపెట్టెలో దాచిన రెండు తొడుగులు వేసవిలో వాటంతట అవే చిట్లాయి.

ఏ కర్ర అన్నది రెండో ప్రశ్న. దుంగలో బెరడు వైపున్న లేతకర్ర మెత్తగా, పాలిపోయి ఉంటుంది. నడుమ ఉన్న గట్టికర్రను చేవ అంటాం. ‘చేవ ఉన్న మనిషి’ అన్నప్పుడు మనం వాడుతున్నది వడ్రంగి మాటే. పెన్నుకు చేవ కావాలి. ఈ ప్రాంతంలో నాకు బాగా నచ్చినది పనస. సాలూరుకు పొరుగునే ఉన్న బొబ్బిలిలో వీణకు ఎంచుకునే కర్ర కూడా ఇదే. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగులోకి, ఆపైన గోధుమరంగులోకి దిగుతుంది. చింతచేవ నల్లగా, బరువుగా ఉండి ఉలిని త్వరగా మొండి చేస్తుంది. ఎర్రచందనం మీద మోజుపడేవారికి ఒక హెచ్చరిక అవసరం. అది చట్టరక్షణలో ఉన్న జాతి, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నది. ఎక్కడిదో తెలియని ముక్కను అభిరుచి పేరుతో కొనడం మంచిది కాదు.

ఇక పని. ముక్కను రెండుగా కోసి, నడిమధ్యగా 7 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. బరమా వేడెక్కితే లోపలి పోగు మాడి చిట్లుతుంది కనుక, కొంత దించి, పొట్టు తీసి, మళ్లీ దించాలి. ఆ బెజ్జంలో ఇత్తడి గొట్టాన్ని జిగురుతో అతికించి, చివరలను గొట్టానికి సరిగ్గా లంబంగా చదును చేయాలి. ఈ ముక్కలను మాండ్రెల్ అనే సన్నని ఉక్కుకడ్డీకి గుచ్చి, రెండువైపులా కొలత ఉంగరాలు పెట్టి, లేతుమీద బిగిస్తారు. ముక్క చతురస్రంగా ఉన్నంతసేపు వేగం తక్కువగా ఉండాలి. మూలలు పోయి గుండ్రనయ్యాక వేగం పెంచవచ్చు. ఉలి అంచును మొదటే గుచ్చకూడదు. ఉలి వెనుకభాగాన్ని తిరుగుతున్న కర్రకు తాకించి, పిడిని మెల్లగా పైకెత్తితే అంచు తనంతట తాను కర్రను అందుకుంటుంది. అప్పుడు పొడి రాలదు, దారంలాంటి పొట్టు వస్తుంది. ఆ దారం వస్తున్నంతసేపు ఉలి పదునుగా ఉన్నట్టు. మహిళలకు ఒక మాట: చున్నీ, వదులు జడ, గాజులు లేతు దగ్గరకు తేకూడదు. తిరిగే కడ్డీ గుడ్డను అందుకుంటే మనిషి తేరుకునే వ్యవధి ఉండదు. కళ్లకు అద్దం, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

కొలత ఉంగరాల దగ్గరకు వచ్చేసరికి తొడుగు వ్యాసం 8 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా మిగులుతుంది. లోపలి గొట్టం 7. అంటే చివరల్లో నిలిచే కర్రమందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. చేతిలో కర్రపెన్నుగా తోచేది నిజానికి ఇత్తడిమీద కప్పిన కర్రచర్మం. దీన్ని కించపరచడానికి చెప్పడం లేదు. ఆ చర్మం చిట్లకుండా నిలవడమే ఇందులోని నేర్పు. అయినా ‘మొత్తం మీరేనా?’ అన్న ప్రశ్న ఇక్కడే గట్టిగా తగులుతుంది.

3. లక్క: ఏటికొప్పాక నుంచి
తరిగిన కర్రకు మెరుగు పెట్టడంలో మన ప్రాంతం నేర్పగలిగినది చాలా ఉంది. వరాహనది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాక తరిమెన బొమ్మలకు పేరుపొందింది. అక్కడ వాడేది అంకుడుకర్ర. వృక్షశాస్త్రంలో దీని పేరు రైటియా టింక్టోరియా. తెల్లగా, సన్ననిపోగుతో, ఉలికి లొంగేదిగా ఉంటుంది. రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుతున్న బొమ్మకు గట్టిగా ఒత్తుతారు. నిప్పు ఉండదు. ఒరిపిడిలో పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. దాన్ని ఆకుతో అద్ది పరిస్తే నున్నదనం వస్తుంది. రసాయన రంగులు వచ్చి పడిన కాలంలో, పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి సహజవర్ణాలను తిరిగి ఈ లక్కలోకి తెచ్చినవారిలో సి.వి. రాజు ప్రముఖులు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది.

లోకమంతటా పెన్నులు తరిమెన పట్టే అభిరుచిదారులు సీసాల్లో కొనుక్కునే ఒరిపిడి మెరుగు కూడా మూలంలో లక్కే. ఆల్కహాలులో కరిగించిన లక్కను గుడ్డతో అద్ది, తిరుగుతున్న తొడుగుకు ఒత్తుతారు. ద్రావకం ఆవిరై లక్క నిలుస్తుంది. కుసుమ, మోదుగ, రేగు కొమ్మలమీద పురుగు కట్టిన పదార్థం విదేశీ సీసాలో ఇంగ్లీషు పేరుతో మనదగ్గరకే తిరిగి వస్తుంది. నేను కొన్న మొదటి సీసా అలాంటిదే. అందులో ఉన్నది లక్క అని తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఇంత చదివి, ఏటికొప్పాకకు కొన్ని గంటల దూరంలో ఉండి!

లక్కకు పరిమితులు లేకపోలేదు. చేతిచెమటకు అది క్రమంగా మసకబారుతుంది, ఆల్కహాలు తగిలితే కరుగుతుంది. బొమ్మకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. రోజుకు రెండు గంటలు చేతిలో నలిగే పెన్నుకు ఇబ్బందే. నా పెన్నులు ఆరునెలలకొకసారి మళ్లీ లేతు ఎక్కుతాయి.

4. రత్నం పెన్ను: సిరా పట్టే గొట్టం
కర్రతొడుగు పని తెలిశాక సిరాపెన్ను ఎంత వేరైనదో అర్థమవుతుంది. బాల్‌పెన్ను తొడుగుకు లోపలి రీఫిల్లుతో పేచీ లేదు. పాతకాలపు సిరాపెన్నులో మాత్రం గొట్టమే సిరాబుడ్డి. కర్ర సిరాను పీల్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మరలు కదిలిపోతాయి. అందుకే ఆ పెన్నులకు ఎబొనైట్ వచ్చింది. రబ్బరును ఎక్కువపాలు గంధకంతో ఉడికిస్తే వచ్చే ఈ గట్టి పదార్థానికి నెల్సన్ గుడియర్ 1851లో పేటెంటు పొందాడు. ఇది తడికి ఉబ్బదు, లేతుమీద కర్రలాగే తెగుతుంది, చేతికి లోహంలా చల్లగా తగలదు.

ఈ పదార్థాన్ని తెలుగునాట కలంగా మలచిన చరిత్ర రాజమహేంద్రవరం కోటగుమ్మం దగ్గరిది. స్వర్ణకార నేపథ్యం గల కోసూరి వెంకటరత్నం 1932లో అక్కడ పెన్నుల తయారీ ప్రారంభించారు. స్వదేశీ పెన్నుగా గాంధీజీకి పంపిన కలం అఖిల భారత గ్రామోద్యోగ సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప ద్వారా ఆయనకు అందింది. 1935 జూలై 16న గాంధీజీ రత్నానికి రాసిన లేఖలో ఆ కలాన్ని తాను వాడానని, బజారులోని విదేశీ పెన్నులకు అది మంచి ప్రత్యామ్నాయంగా ఉన్నదని తెలిపారు. గ్రామోద్యోగ సంఘం ఏర్పడినది అంతకు ముందటి సంవత్సరం చివరనే. చేతికాగితాన్ని ప్రోత్సహించిన సంఘమే కలాన్ని కూడా పరీక్షకు తీసుకోవడం గమనార్హం.

ఈ చరిత్రలో నన్ను నిలిపివేసినది స్వర్ణకారుడన్న అంశం. పెన్నులో గొట్టం తరిమెనవాని పని, పాళీ కంసాలి పని. బంగారు మిశ్రమలోహాన్ని రేకుగా సాగదీసి, అచ్చులో వంచి, కొసకు అరగని గట్టిలోహపు గుండును అతికి, నడుమ వెంట్రుకంత చీలిక తీయాలి. ఆ చీలికే సిరాకు దారి. పాళీ కింద ఉండే నాలుకలో సన్నని గాళ్లు ఉంటాయి. సూక్ష్మనాళికల ధర్మం వల్ల సిరా ఆ గాళ్ల వెంట కాగితం వైపు దిగుతుంది. దిగిన సిరా స్థానంలోకి అంతే గాలి లోపలికి పోవాలి. ఈ రాకపోకలను ఒక పద్ధతిలో పెట్టిన నాలుకకు లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు తీసుకున్నాడు. సిరా సగానికి తగ్గిన పెన్ను ఉన్నట్టుండి ఎందుకు కక్కుతుందో కూడా దీనితో తెలుస్తుంది. ఖాళీ అయిన జాగాలోని గాలి అరచేతి వేడికి వ్యాకోచించి సిరాను బయటికి తోస్తుంది. నీలిమరక పడిన చొక్కాజేబు, దానిమీద అద్దిన సుద్దముక్క నాకంటే ముందుతరం అధ్యాపకులకు బాగా గుర్తుంటాయి.

రాజమహేంద్రవరంలో తరిమెన పట్టే పెన్నులు రత్నంతో ఆగలేదు. గైడర్ పెన్నులూ ఆ ఊరివే. రాసేవాని చేతివాలు చూసి పాళీని సరిచేసి ఇవ్వడం ఈ తరహా దుకాణాల మర్యాద. యంత్రాల మీద లక్షల్లో వచ్చే పెన్నుకు వాడేవారి చేయి తెలియదు.

5. ఏది చేతితయారీ?
స్వదేశీ అన్న మాటకు ఆనాడు ఎదురైన చిక్కు, చేతితయారీ అన్న మాటకు నేడు ఎదురవుతోంది. ఎబొనైట్ కడ్డీ కర్మాగారపు సరకే, దాన్ని ఏ కుటీరమూ తన పెరట్లో పండించదు. అంతమాత్రాన రత్నం పెన్ను చేతిపని కాకుండా పోదు. ముడిసరకు ఎక్కడిదన్న ప్రశ్నతో చేతిపనిని కొలిస్తే ఏ చేతిపనీ నిలవదు. నేతగాడు నూలు కొంటాడు. నా దృష్టిలో కొలవవలసినది వేరు: వస్తువు పనిచేయడానికి కారణమైన కూర్పు ఎవరి చేతిలో జరిగింది? పెన్నులో అది మూడు చోట్ల ఉంది. మూతకూ గొట్టానికీ కుదిరే మరలు, నాలుకకూ పాళీకీ ఉండే ఒద్దిక, పాళీ చీలిక. కిట్టుపెన్నులో ఈ మూడూ ముందే తేలిపోయి వస్తాయి. అభిరుచిదారుకు మిగిలేది పైరూపం. కిట్టు వాడకుండా, గొట్టానికీ మూతకూ స్వయంగా మరలు తీసుకుని, పాళీ ఒక్కటే కొనేవారు మొదటి కూర్పును తమది చేసుకుంటారు. పాళీని రాతకు తగ్గట్టు సరిచేయగలిగినవారు రెండో మెట్టు ఎక్కుతారు. పాళీనే చేసేవారు స్వర్ణకారులు, అభిరుచి అక్కడికి చేరదు.

అమ్మకానికి పెట్టే కర్రపెన్నుల మీద ‘పూర్తిగా చేతితయారీ’ అని రాయడం ఈ కారణంగా నాకు సమ్మతం కాదు. ‘తొడుగు చేతితో తరిమెన పట్టినది’ అంటే కొనేవానికి నిజం తెలుస్తుంది. కోటగుమ్మంలో ఒకరోజంతా ఒకే పెన్నుమీద కూర్చునే పనివాని కూలికీ న్యాయం జరుగుతుంది. రెండింటికీ ఒకే మాట వాడితే ధరలో నష్టపోయేది అతడే.

ఈ మాట రాయడానికి ముందు మొదటి మెట్టు ఎక్కి చూద్దామని పనసకర్రకు మరలు తీయబోయాను. మూడు మూతలు వరుసగా చిట్లాయి. చిట్లిన ముక్కలను పట్టుకుని లారీ బోల్టులు చేసే లేతు మిస్త్రీ దగ్గరకు వెళ్లాను. ఆయన ముక్కను వెలుగులో తిప్పి చూసి, “ఇనుముకి తీసినట్టు కర్రకి మర తీస్తే పోగు లేచిపోతాదమ్మా. లోపల గట్టి గొట్టం ఏదైనా అతికించి, దానికి తీద్దాం” అన్నాడు. ఎబొనైట్ కడ్డీ తెప్పించి ఇచ్చాను. దాన్ని తొలిచి, కర్రలో దించి, ఆరాక ఇద్దరం కలిసి మర తీశాం. నాలుగో మూత నిలిచింది. మర మాత్రం ఆయన పట్టిన పట్టుతోనే తెగింది, నేను చక్రం తిప్పాను.

ఆ పెన్నును తరగతికి తీసుకువెళ్లి, వెనుక అడిగిన విద్యార్థినికి చూపించి, నా పాత జవాబును సవరించుకున్నాను. కర్ర నేను తరిమెన పట్టాను, మర మిస్త్రీ గారు తీశారు, పాళీ కొన్నాను అని చెప్పాను. ఆమె మూత విప్పి, పాళీని కిటికీ వైపు తిప్పి చూసి, “పాళీ ఎవరు చేసేరు మేడమ్?” అని అడిగింది. పాళీ వచ్చిన ప్యాకెట్టు మీద ఒక సంఖ్య మాత్రమే ఉంది.